పాత తాండూరులో ఏడ్చే గోడ

పాత తాండూరులో చంద్రశేఖర్ పటేల్ రాతిల్లంటే, పొద్దుగూకినాక ఆటోవాళ్లు కూడా సందు మొదట్లోనే దింపేస్తారు. పడకగది గోడలోంచి ఎవరో ఆడమనిషి ఏడుస్తుందట. రెండేళ్లలో మూడు కుటుంబాలు అర్ధరాత్రి చాపలతో సహా పారిపోయాయట...

నర్సు రుఖియా వికారాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి, అద్దెకు ఐదిండ్లు అడిగింది. తన పేరు చెప్పగానే ఐదిండ్లకూ అప్పటికప్పుడే చుట్టాలొచ్చి పడ్డారు. మిగిలింది ఇదొక్కటే. దెయ్యానికి అలాంటి పట్టింపుల్లేవు కాబోలు.

"దయ్యం పోయేదాక ఉండుర్రి సిస్టరమ్మా," అన్నాడు పటేల్, తాళంచెవి అందిస్తూ. "అది పోయిననాడు ఖాళీ జెయ్యాలె, మా అల్లునికి కావాలె ఇల్లు."

రెండేళ్ల కిందట ఎండా చెమ్మా లోపలికి రాకూడదని ఆయన ఆ ఇంటికి మస్తు హంగులు చేయించాడు. రాతిగోడలకు లోపలివైపు థర్మాకోల్, దాని మీద బోర్డులు — ఇంటికి స్వెట్టర్ తొడిగినట్టు. మిద్దె మీద వాటర్‌ప్రూఫ్ పూత. ఆ వానాకాలంలోనే ఏడుపు మొదలైంది. గుమ్మానికి నిమ్మకాయలు కట్టించాడు. ఏడుపు ఆగలేదు.

మొదటి రాత్రి. వాన దంచి వెలిసింది. కరెంటు లేదు.

"అమ్మీ..." కూతురు సబా దగ్గరికి జరిగింది. "విన్నవా?"

టప్... టప్... నడుమ సన్నని మూలుగు.

రుఖియా గోడ మీద చెయ్యి వేసింది — తడి. ఏడ్చి ఏడ్చి నానిన చెంపలా ఉంది. నొక్కితే వేలు లోపలికి దిగబడింది...

సబా దువా చదవడం మొదలుపెట్టింది. రుఖియాకు వేరే అనుమానం వచ్చింది. వాన ఆగి రెండు గంటలైంది. మరి దీనికి ఇన్ని కన్నీళ్లు ఎక్కడివి?

టార్చి తీసుకుని మిద్దెక్కింది. పిట్టగోడల మధ్య చీలమండ దాకా నీళ్లు. నైరుతి మూలన తూము ఉండాల్సిన చోట — సిమెంటు ముద్ద.

అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు బాగుచేయించినప్పుడే, నైరుతిలో తూముంటే లక్ష్మి జారిపోతదని మూయించిన, అని పటేల్ తాళమిస్తూ గొప్పగా చెప్పాడు. లక్ష్మి సంగతేమో గాని, వాననీళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పూత పగుళ్లలోంచి దిగి, బోర్డుల వెనక ఇరుక్కున్న గాలిని మూలిగిస్తూ, బొట్టుబొట్టుగా ఏడుస్తున్నాయి.

మెట్ల కింద గడ్డపార దొరికింది. నాలుగు పోట్లకు నీళ్లు భళ్లున సందులోకి దూకాయి. తెల్లారేసరికి గోడ నోరు మూసింది.

పొద్దున్నే పటేల్ వచ్చాడు, అల్లుణ్ని వెంటేసుకుని. గడప దాటలేదు.

"ఏమైంది సిస్టరమ్మా... పోయిందా?"

రుఖియాకు ఆ ఐదిండ్లు కళ్లముందు మెదిలాయి. గొంతు తగ్గించింది.

"ఉన్నది పటేలా. రాత్రి మాట్లాడింది గూడ. మేముంటే ఏడువదట... మమ్ముల ఎళ్లగొడితే మాత్రం, మీ అల్లుని ఎంబడి పోతనన్నది."

అల్లుడు అప్పటికే బండి తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ రుఖియా రెండు నిమ్మకాయలు కొనుక్కొచ్చింది. గుమ్మానికున్న ఎండిపోయిన పాతవి తీసేసి, కొత్తవి కట్టింది.