షెడ్డులో పసుపు గీత

ఆ కొండ మీది లాడ్జిలో మనిషి పడుకోవచ్చు గానీ బండి పడుకోకూడదని చెప్పుకునేవాళ్ళు.

మోటార్‌సైకిళ్ళ మీద దేశాలు పట్టుకు తిరిగేవాళ్ళు ఎక్కడ కలిసినా ముందు రోడ్ల గురించి, తరవాత వానల గురించి మాట్లాడుకుని, చివరికి గొంతు తగ్గించి ఆ లాడ్జి వెనక షెడ్డు సంగతి ఎత్తేవాళ్ళు. అది ఒకప్పుడు రిపేరు షాపట. మెకానిక్కు చచ్చిపోయాడట. మనిషి పోయినా చెయ్యి ఊరుకోలేదట. రాత్రి బండి పెట్టి తాళం వేసి వెళితే... చీకట్లో పానా చప్పుడు. టిక్... టిక్... పొద్దున వెళ్ళి చూస్తే బోల్టుల మీద సన్నటి పసుపు గీతలు. గీసిన చెయ్యిని మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ మాటలు చెప్పేవాళ్ళు చిన్నపిల్లలు కారు. నూట నలభైలో మలుపులు తిరిగామని కోతలు కోసే మగధీరులు. ఒంటి నిండా కవచాలు తొడుక్కుని, వేలెడు పసుపు గీతకి తోక ముడిచినవాళ్ళు. కొందరైతే షెడ్డు ఖాళీగా ఉండగా బండిని వానలో నిలబెట్టి, కిటికీ దగ్గర కూర్చుని రాత్రంతా కాపలా కాశారు. పొద్దున్నే తుమ్ముకుంటూ కొండ దిగారు.

పెద్దల్లుడికి ఈ కథ వినగానే నవ్వొచ్చింది.

ఆయన వాహనాల బీమా సర్వేయరు. గుద్దుకుని వచ్చిన కార్లని చూసి "ఇది పాత దెబ్బ" అని తేల్చి పంపించడం ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా మనుషులు చెప్పింది నమ్మనందుకే ఆఫీసులో జీతం తీసుకుంటున్నాడు. ఇంట్లో ఆ పని జీతం లేకుండానే చేసేవాడు.

ఈ బళ్ళ ప్రయాణంలో ఆయన వెంట వచ్చినవాడు తోడల్లుడు, పళ్ళ డాక్టరు. ఒకే ఇంటి అల్లుళ్ళు కావడం తప్ప ఇద్దరికీ ఎక్కడా పొంతన లేదు. బయల్దేరే రోజు పెద్దల్లుడి భార్య గుమ్మం దగ్గర నిలబడి ఒకటే మాట అంది.

"నా చెల్లెలి మొగుణ్ణి ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి. మీ వెటకారాలు మాత్రం ఇక్కడే వదిలిపెట్టి వెళ్ళండి."

మొదటిదానికి మాటిచ్చాడు. రెండోది వినబడనట్టు హెల్మెట్ పెట్టుకున్నాడు.

చిన్నల్లుడు ఏ ఊళ్ళో ఆగాలన్నా ముందురోజే ఫోనులో వెతికి కాగితం మీద రాసుకునేవాడు. బండికి కప్పు ఉందా? తడిసిన జాకెట్లు ఆరేసుకునే గది ఉందా? బురద కడుక్కోవడానికి కొళాయి ఉందా? పానా అడిగితే ఇస్తారా, మొహం చిట్లిస్తారా? దగ్గర్లో మెకానిక్కు ఉన్నాడా? ఉంటే అతని దగ్గర పని చేయించుకున్నవాళ్ళు ఏమంటున్నారు?

"లాడ్జి వెతుకుతున్నావా, పెళ్ళిసంబంధం చూస్తున్నావా తమ్ముడూ?" అనేవాడు పెద్దల్లుడు. రోజూ అదే జోకు. రోజూ తనే నవ్వుకునేవాడు.

కొండెక్కబోయే ముందు కింది ఊళ్ళో ఇద్దరి బళ్ళకీ ముందు టైర్లు మార్చాల్సి వచ్చింది. చిన్నల్లుడి కాగితంలో ఉన్న మెకానిక్కు ఒక సందులో ఉన్నాడు. చేతినిండా పని ఉంది, రేపు రమ్మన్నాడు. మెయిన్ రోడ్డు మీద పెద్ద అద్దాల షాపు ఉంది. గోడనిండా హెల్మెట్లు, మెత్తటి సోఫా, కాఫీ మిషను. ముప్పావుగంటలో ఇచ్చేస్తామన్నారు.

"రేపు రమ్మన్నాడంటే పని రాదని అర్థం" అని తీర్పు చెప్పేశాడు పెద్దల్లుడు. బండిని అద్దాల షాపులోకి పోనిచ్చాడు.

"ఇక్కడ ఎవరూ మంచిగా రాయలేదన్నయ్యా, తొందరపడి చేస్తారని..."

"రాసేవాళ్ళెవరు? నీలాంటివాళ్ళే కదా."

చిన్నల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కొండ మీదికి చేరేసరికి వాన. మిగతా లాడ్జిలన్నీ నిండిపోయాయి, ఒక్క ఆ షెడ్డున్న లాడ్జి తప్ప. చిన్నల్లుడి మొహం పాలిపోయింది. కాగితంలో దానికి అన్నీ ఉన్నాయి. కప్పు ఉంది, కొళాయి ఉంది, జాకెట్లకి వెచ్చటి గది ఉంది. కింద ఎర్ర సిరాతో ఒక మాట రాసి ఉంది: దెయ్యం.

"ఇంకా మంచిది. కాపలా కూడా ఉందన్నమాట" అన్నాడు పెద్దల్లుడు.

గది తాళంచెవి ఇచ్చింది ఒక ముసలావిడ. నడుం వంగిపోయింది గానీ చూపు చురుగ్గా ఉంది. వీళ్ళ మొహాల వంక చూడలేదు. బళ్ళ ముందు చక్రాల వంక చూసింది. పెద్దల్లుడు అది గమనించాడు. గమనించడమే కదా ఆయన వృత్తి.

"తెలిసిపోయింది తమ్ముడూ" అన్నాడు గదిలోకి రాగానే. "రాత్రి బోల్టులు వదులు చేస్తారు. పొద్దున బండి మొరాయిస్తుంది. వీళ్ళ చుట్టం షాపు ఒకటి దగ్గర్లోనే ఉంటుంది. ఆ దెయ్యం మెడ పట్టుకుని నీకు చూపిస్తాను."

చిన్నల్లుడు దుప్పటి గడ్డం దాకా లాక్కుని, "జాగ్రత్త అన్నయ్యా" అన్నాడు.

పదకొండు దాటాక పెద్దల్లుడు టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, మూలనున్న పాత టైర్ల గుట్ట వెనక కూర్చున్నాడు. లైటు ఆర్పేశాడు. రేకుల మీద వాన... వాన తప్ప ఇంకేమీ లేదు.

గంట గడిచింది. మోకాళ్ళు పట్టేశాయి. రాసినవాళ్ళనీ, చదివినవాడినీ, వాళ్ళ భయాలనీ వరసగా తిట్టుకున్నాడు.

వాన తగ్గింది. అప్పుడు...

టిక్.

ఊపిరి బిగబట్టాడు. తను గడియ పెట్టిన తలుపు పెట్టినట్టే ఉంది. ఎవరూ రాలేదు. ఎవరూ రావడానికి లేదు.

టిక్... టిక్...

చప్పుడు తన బండి దగ్గర్నించే. చీకటికి కళ్ళు అలవాటు పడేకొద్దీ ముందు చక్రం పక్కన ఏదో ముద్దలా కనిపించింది. అది కదిలింది. దాని తల మీద తెల్లటి జుట్టు విరబోసి ఉంది. దీపం లేదు. వెలుతురు లేకుండానే దాని వేళ్ళు ఇనుము మీద పాకుతున్నాయి... ఒక్కొక్క బోల్టూ తడిమి చూస్తున్నాయి.

పెద్దల్లుడి ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఎటు పోయిందో పోయింది. అరచేతుల్లో చెమట పట్టి టార్చి జారింది. దాన్ని పట్టుకోబోతే మీట నొక్కుకుంది.

వెలుగు సూటిగా ఆ మొహం మీద పడింది.

లాడ్జి ముసలావిడ! ఒక చేతిలో పానా, చెవి వెనక చిన్న కుంచె, పక్కన పసుపు రంగు డబ్బా. ఆమె వెనక, వంటింట్లోకి తెరుచుకునే పొట్టి తలుపు ఒకటి ఓరగా ఉంది. సాయంత్రం దాని ముందు సామాను అడ్డం ఉంటే పెద్దల్లుడు చూసుకోలేదు.

భయపడ్డ మనిషికి భయం దిగగానే కోపం ఎక్కుతుంది. ఈయనకి రెట్టింపు ఎక్కింది.

"బాగుందమ్మా నీ వ్యాపారం! రాత్రి వదులు చెయ్యడం, పొద్దున మీవాళ్ళ షాపుకి పంపడం. నీలాంటివాళ్ళని నెలకి పాతికమందిని చూస్తాను."

ఇద్దరూ మాట్లాడుకున్నది వచ్చీరాని ఇంగ్లీషులో. అయినా తిట్టు తిట్టులాగే తగిలింది. ఆవిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాకు షాపు లేదు బాబూ. మావాళ్ళంటూ ఎవరూ లేరు. నీ బండి ముందు ఇరుసుని పట్టి ఉంచే బోల్టులు నాలుగూ చేత్తోనే తిరిగాయి. బిగించాను. సరిపడా బిగిస్తే ఈ పానా టిక్కుమంటుంది. అదే నువ్వు విన్నది."

"మరి గీతలు?"

"బిగించినదాని మీద గీస్తాం. గీత పక్కకి జరిగితే బోల్టు వదులైందని చూడగానే తెలుస్తుంది. పని తెలిసినవాళ్ళు ఎక్కడైనా గీస్తారు."

"దెయ్యమని ఊరంతా చాటింపు వేయించావుగా?"

ఆవిడ పానాని గుడ్డతో తుడిచింది. తుడుస్తూ చాలా మెల్లగా అంది...

"నేనెప్పుడూ అనలేదు. మొదట్లో అందరినీ అడిగేదాన్ని, దిగుడు రోడ్డు కదా, ఒకసారి బండి చూడనా అని. నవ్వేవాళ్ళు. మా ఆయన బతికున్నప్పుడు కూడా బోర్డు మీద పేరు ఆయనది, బోల్టులు బిగించింది నేను. అప్పుడూ ఎవరూ నమ్మలేదు. దెయ్యం ముట్టుకుందంటే భయపడి ఊరుకుంటున్నారు బాబూ. ముసల్ది ముట్టుకుందంటే కొట్టడానికొస్తారు."

ఎవరికైనా ఈ మాటకి తల దిగిపోవాలి. పెద్దల్లుడు చప్పరించేశాడు. ఆఫీసుకొచ్చే ప్రతివాడూ ఇలాంటి కథే చెబుతాడు, చివర్లో గొంతు ఇలాగే తగ్గిస్తాడు.

"లే. బయటికి నడు."

"రెండో బండి ఇంకా చూడలేదు. దానికీ కొత్త టైరే, కింది ఊళ్ళోనే మార్పించారా? ఐదు నిమిషాల పని..."

"నడవమన్నానా?"

ఆవిడ రెండో బండి వంక చూస్తూ చూస్తూ పొట్టి తలుపులోంచి వెళ్ళిపోయింది. పెద్దల్లుడు దానికి టైర్లు అడ్డం దొర్లించి, తెల్లారేదాకా అక్కడే కుర్చీలో కూర్చున్నాడు, దెయ్యాన్ని పట్టిన మొనగాడిలా.

పొద్దున ఎండ కాసింది. జరిగిందంతా తోడల్లుడికి అభినయించి మరీ చెప్పాడు. తన చేతిలోంచి టార్చి జారిన సంగతి మాత్రం చెప్పలేదు. చిన్నల్లుడు నవ్వలేదు. తన బండి దగ్గర గొంతుక్కూర్చుని చక్రం వంక చూశాడు.

"అన్నయ్యా... నిన్న ఎక్కేటప్పుడు నా హ్యాండిల్ కొంచెం ఊగినట్టనిపించింది. ఆవిణ్ణి ఒకసారి చూడమంటే పోయేదేముంది?"

"రాత్రేమో దెయ్యమని దుప్పటి కప్పుకున్నావు. ఇప్పుడేమో ఆ దెయ్యాన్నే బతిమాలతానంటావు. కొత్త టైరు కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. పళ్ళు పీకేవాడివి, పళ్ళ సంగతి చూసుకో."

చిన్నల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "సరే అన్నయ్యా" అన్నాడు. అతను నెమ్మదిగా నడుపుతాడు, అందుకని రోజూ అతనే ముందు బయల్దేరేవాడు. ఆరోజూ అలాగే వెళ్ళాడు.

పెద్దల్లుడు ఆగిపోయింది లాడ్జి గురించి ఫోనులో నాలుగు ముక్కలు రాయడానికి. ఒక్క స్టారు ఇచ్చాడు. అదీ లేకుండా ఇవ్వడానికి కుదరదు గనక ఇచ్చాడు. "దెయ్యం పేరు చెప్పి బళ్ళు పాడుచేసే ముఠా" అని మొదలుపెట్టాడు. ఆయన ఏదీ రుజువు లేకుండా రాయడు. ముట్టుకోకముందు బోల్టులు బిగించే ఉన్నాయని చూపించాలి. నిన్న టైర్లు మార్చాక అద్దాల షాపు ముందు రెండు బళ్ళనీ పక్కపక్కనే నిలబెట్టి ఫోటో తీశాడు. దాన్ని తెరిచి, ముందు చక్రం దగ్గర పెద్దది చేశాడు.

బోల్టుల తలలు ఇనుముకి ఆనుకుని లేవు. కింద సందు కనిపిస్తోంది. నాలుగింటికీ అంతే.

ఇంకొకడు తెచ్చిన ఫోటో అయ్యుంటే ఆయన ఒక్క క్షణంలో పట్టేసేవాడు. షాపులోంచి బయటికొచ్చేటప్పటికే అవి వదులుగా ఉన్నాయి. ముసలావిడ ఒక్క అబద్ధం చెప్పలేదు.

వేలు పక్కకి జరిపాడు. రెండో బండి. అక్కడా... అదే సందు.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆగిపోయింది. దిగుడు రోడ్డు, ఒకవైపు లోయ. గుమ్మంలో నిలబడ్డ భార్య, ఆ పక్కన ఆమె చెల్లెలు కళ్ళముందు కనిపించారు. మూడోసారి మోగగానే ఎత్తారు.

"తమ్ముడూ! ఆపెయ్... బండి ఆపెయ్..."

అవతల గాలి హోరు. హారన్లు. తరవాత ఒక గొంతు... తెలియని గొంతు, తెలియని భాష.

పెద్దల్లుడు గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. ముసలావిడ గిన్నెలు తోముతోంది. ఆయన నోట మొదటిసారి మర్యాద వచ్చింది.

"అమ్మా... కొంచెం ఏమంటున్నారో చూడండి..."

ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోను అందుకుంది. వింది. చాలాసేపు వింది.

"లారీ డ్రైవరట. మూడో మలుపులో బండి ముందు చక్రం ఊడిపోయిందట. బండి లోయలోకి పోయింది."

"మనిషి...?"

ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ వింది.

"రోడ్డు మీదే పడ్డాడట. మోచేతులు గీసుకున్నాయి, అంతే. రాయి మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు."

పెద్దల్లుడు ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు చీదుకున్నాడు. కాస్త ఊపిరి తిరిగిందో లేదో, పాత గొంతు మళ్ళీ లేచింది.

"నిక్షేపంలా కూర్చున్నవాడు ఫోనెందుకు ఎత్తడు? నాకు గుండె ఆగినంత పనైంది. వాడికిమ్మని చెప్పండి."

ఆవిడ చెప్పింది. అవతలి మాటలు విని, ఈయన వంక తిరిగింది.

"ఇంతకుముందు రెండుసార్లు మోగినప్పుడూ నీ పేరు చూసి పక్కన పెట్టేశాడట బాబూ. మూడోసారి డ్రైవరు చేతికిచ్చి, తను మాట్లాడనని చెయ్యి అడ్డంగా ఊపాడట. ఇప్పుడు అడిగినా అలాగే ఊపుతున్నాడట."