చిక్కుడుగింజల పందెం

టెక్సస్‌లోని అమరిల్లో ఊళ్లో ఆ ఉదయం కూడా ఓడెల్ కాఫీ చేదుగానే మరిగించాడు. భార్య లూరీన్‌ను మొన్ననే ఖననం చేశారు. అందుకోసం పన్నెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన కూతురు వెర్నా మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతోంది. ఆమెతో ఏం మాట్లాడాలో తెలియక ఆ పెద్దమనిషి పేకముక్కలు తీశాడు. మాటలు చేతకాని మగవాళ్లకి అదొక ఉపాయం.

చిన్నప్పటిలాగే పందేనికి ఎండు చిక్కుడుగింజలు రెండు కుప్పలుగా పోసి, ముక్కలు పంచాడు.

“పోకర్ మర్చిపోయావా?”

“మర్చిపోనిస్తావా? చెత్త ముక్కలొస్తే మొదట్లోనే పడెయ్యాలి. పోతే తట్టుకోలేనిది పందెం కాయకూడదు. ఎదుటివాడి మొహం కాదు, చేతులు చూడాలి.”

“భేష్!”

వెర్నా నవ్వలేదు. “మరి ఆ రోజు నా చేతులు చూశావా నాన్నా?”

ఆ రోజేదో ఇద్దరికీ తెలుసు. నచ్చినవాణ్ణి చేసుకోనివ్వకపోతే పోతానని, మళ్లీ గడప తొక్కనని పందొమ్మిదేళ్ల వెర్నా పెట్టె సర్దింది. “పో, చూద్దాం!” అన్నాడు ఓడెల్. ఊళ్లో పేరుమోసిన పేకాటరాయుడు మరి, ఇంట్లో కన్నీళ్లు కూడా అతనికి ఎత్తుగడల్లాగే కనిపించేవి.

“చూశాను. వణికాయి. ఉత్త బెదిరింపే అనుకున్నా.”

“ఉత్త బెదిరింపే! ‘ఉండవే’ అని ఒక్క మాటంటే ఆగిపోయేదాన్ని. ‘చూద్దాం’ అన్నాక ఎలా ఆగను? నీ కూతుర్నే కదా!”

ఇన్నేళ్లూ తన అంచనా తప్పిందనే కుమిలాడు ఓడెల్. తప్పలేదు. ఆట సరిగ్గా ఆడి మరీ పిల్లను పోగొట్టుకున్నాడు.

“అమ్మ ప్రతి ఆదివారం నీకూ కంచం పెట్టేది,” అన్నాడు ఓడెల్. “ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నా. అదే దిగొస్తుందిలే అన్నా.”

“ఆ పంతానికి పందెం ఏం కాశావు నాన్నా?”

“నిన్ను. మీ అమ్మని కూడా.”

వెర్నా విసురుగా లేచి పెట్టె అందుకుంది. “వెళ్తున్నా. ఇక రాను.”

ఆమె చేతులు వణుకుతున్నాయి. ఓడెల్ తన ముక్కలు వెల్లకిలా బల్ల మీద పరిచేశాడు. ఆట వదిలేసేవాడు ముక్కలు చూపించనక్కర్లేదు, అయినా చూపించాడు. రెండు రాజులు.

“గెలిచే ముక్కలు కదా, పడేస్తున్నావేం?”

“గెలిచి ఏం బావుకున్నా? ఉండవే తల్లీ.”

పెట్టె కింద పెట్టేసి వెర్నా తండ్రి భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది.

బస్సు వెళ్లిపోయింది. పందెం గింజలన్నీ కలిపి లూరీన్ గిన్నెలోనే ఉడకేసుకున్నారు. ఓడెల్ అలవాటుగా మూడు కంచాలు పెట్టాడు. ఒకటి తీయబోయి, తీయలేకపోయాడు.