సబ్బు డాక్టరు

"ఆ టవల్ పక్కన పడేయండి! ముందు పడేయండి!"

ఫారం అమ్మాయి అరుపుకి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు ఉలిక్కిపడ్డాడు. అతని ఒళ్లో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. తడితో వణుకుతోందని తన సొంత టవల్‌తో ముక్కు నుంచి తోక దాకా తుడిచేశాడు. కొట్టమంతా గులాబీ సబ్బు వాసన.

"జలుబు చేస్తుందేమోనని..."

"తల్లి నాకాలండీ! ఆ తడి వాసనతోనే పిల్లని గుర్తుపడుతుంది. మీరేమో పెళ్లికూతుర్ని చేసి కూర్చోబెట్టారు!"

ఆమె అన్నంతా అయింది. తల్లి గొర్రె మహారాణి పిల్లని వాసన చూసి, ఒక్క తుమ్ము తుమ్మి, తలతో అవతలికి నెట్టేసింది.

ఆమె మొహం పాలిపోయింది. ఈ నల్లచెవుల జాతిలో మిగిలినవి ఇరవై మూడు ఆడగొర్రెలు. పదకొండు ఈ ఫారంలోనే ఉన్నాయి. 'డిగ్రీ చదివి గొర్రెలు కాస్తావా' అని చుట్టాలు నవ్వుతుంటే, నాన్నతో కలిసి నిలబెట్టిన మంద అది. మహారాణికి ఇదే ఆఖరి ఈత. ఇన్నేళ్లలో దానికి పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఇది. ఇది దక్కకపోతే ఆ వంశం ఇక్కడితో సరి.

"ఇదంతా కాలేజీలో చెప్పలేదా?"

"చెప్పారండీ. ఆ రోజు మొదటి బెంచీలోనే ఉన్నాను. కానీ ఇది వణుకుతుంటే పాఠం గుర్తురాలేదు."

తిడదామని తెరిచిన నోరు ఆమె మూసుకుంది.

"చొక్కా చేతులు మడవండి. గోరువెచ్చని నీళ్లతో ఆ వాసన వదిలించండి. తల్లికి మాయ ఇంకా పడలేదు. పడగానే ఆ తడి పిల్ల ఒళ్లంతా పులమాలి. మీ చేత్తోనే!"

అతను కడిగాడు. ఆమె ముర్రుపాలు పిండి సీసాతో పట్టింది. నాన్న టీ తెచ్చి వింతగా చూశాడు.

"ఎవరమ్మా ఈ బాబు?"

"సబ్బు డాక్టరు, నాన్నా."

రెండు గంటల తర్వాత మాయ పడింది. అతని తెల్ల చొక్కా మళ్లీ తెల్లబడే ఆశ వదులుకుంది. మహారాణి దగ్గరికొచ్చింది. ఆగింది. గొంతులోంచి సన్నగా గురగురమంటూ పిల్లని నాకింది. తర్వాత అతని చెయ్యి కూడా నాకింది.

"పదేళ్లుగా మేపుతున్నా, నన్నెప్పుడూ నాకలేదు!" అన్నాడు నాన్న, కాస్త ఉక్రోషంగా.

ఆ వసంతంలో పిల్లలు వరసగా పుట్టాయి. పిలిచినా, పిలవకపోయినా డాక్టరు వచ్చాడు.

"మహారాణికి ఏమీ కాలేదుగా?" అందామె ఓ రోజు.

"లేదండీ. నాకే అయింది."

ఆమె గడ్డి దులుపుతున్నట్టు తల దించుకుంది. నవ్వు మాత్రం దాగలేదు.

"ముందే చెబుతున్నా. నేను ఈ మందని వదిలి ఎక్కడికీ రాను."

"రమ్మని ఎవరన్నారు? గుమ్మం దగ్గర మీ గంబూట్ల పక్కన ఇంకో జతకి చోటుందా అని అడుగుతున్నా."

ఆమె లోపలికెళ్లి మంద రిజిస్టరు తెచ్చింది. వేలు పెట్టి చూపించింది. జాతిలో ఇరవై నాలుగో ఆడగొర్రె, తల్లి మహారాణి. 'కాన్పుకి దగ్గరున్నవారు' అన్న గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు: 'సబ్బు డాక్టరు, మా మనిషి.'

తేదీ చూసి అతను తెల్లబోయాడు. "ఇది మొదటిరోజే రాశారా?"

"అవును."

"ఇంకుతోనా? నేను మళ్లీ రాకపోయుంటే?"

"ఈ రిజిస్టరులో మేం ఏదీ కొట్టేయం," అందామె తలెత్తి.

కొట్టం బయటి నుంచి నాన్న దగ్గు వినిపించింది.

"బాబూ, గంబూట్ల సైజెంత?"