ట్రాక్ దిగని కుందేలు

"దిగు! ట్రాక్ దిగవే!"

మధ్యలో గడ్డి మీంచి బావ అరుస్తున్నాడు. గొంతు చిరిగేలా అరుస్తున్నాడు.

ఆమె దిగదు.

గంట మోగింది. ఒక రౌండ్ అయిపోయింది, ఇంకొకటి ఉంది. ఈ గంట మోగగానే ఆమె పక్కకు తప్పుకోవాలి. ఆమె పనే అది! మొదటి రౌండ్ ముందుండి వేగం లాగడం... వెనకున్న అక్కకి ఎదురుగాలి తగలకుండా అడ్డుండడం... గంట వినపడగానే నోరు మూసుకుని గడ్డిలోకి దిగిపోవడం.

దీన్ని పేసర్ అంటారు. టీమ్‌లో అయితే ముద్దుగా కుందేలంటారు.

కుందేలుకి కప్పు ఉండదు. చప్పట్లు ఉండవు. డోప్ టెస్టూ ఉండదు!

టెస్ట్ మొదటి ముగ్గురికే.

అందుకే ఈ రాత్రి కుందేలు ట్రాక్ దిగడం లేదు.

"ఏయ్! చెవుడా?"

బావ గడ్డిలో ఆమె పక్కనే పరుగెడుతున్నాడు. కోచ్ కదా, విజిల్ మెడలో ఎగిరెగిరి పడుతోంది. ఫ్లడ్‌లైట్ల కింద మొహం తెల్లగా పాలిపోయింది.

ఎందుకంత భయం బావా?

ఆమెకి తెలుసు. తెలుసనుకుంటోంది!

పోయిన నెల హర్డిల్స్ అమ్మాయి ప్రాక్టీస్‌లో కుప్పకూలింది. బావ దగ్గర శిక్షణ తీసుకునే పిల్లే. గుండె ఆగిందన్నారు. గుర్రంలా దూకే పిల్లకి గుండె ఊరికే ఆగుతుందా?

అప్పట్నుంచి ఆమెకి నిద్ర లేదు. పక్క మంచం మీద అక్క పడుకుంటే గుండె చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది. ధన్... ధన్... ధన్... తలుపు బాదుతున్నట్టు.

ఈ పొద్దున అక్క స్పైక్ బూట్లో చెయ్యి పెడితే చిన్న గాజుసీసాలు దొరికాయి. లేబుళ్ళు చింపేసి ఉన్నాయి. విటమిన్లని చెప్పి బావ ఇద్దరికీ వారం వారం పొడిచే సూదులు కళ్ళ ముందు తిరిగాయి.

ఎవరికి చెప్పినా సాక్ష్యమేదంటారు.

అక్క టెస్టుల్లో ఎప్పుడూ ఏమీ దొరకదు, బావ ఏం మాయ చేస్తాడో. కానీ సాక్ష్యం తన ఒంట్లోనూ ఉంది కదా!

చివరి మలుపు. అక్క ఆమెను దాటేసింది. ఇంకొకతె దాటేసింది. మరొకతె భుజం రాసుకుంటూ వస్తోంది.

కాళ్ళు సీసం పోసినట్టున్నాయి. ఊపిరి అందడం లేదు.

నాలుగో స్థానం వస్తే ఇంతే సంగతులు!

పళ్ళు బిగించింది. ఛాతీ ముందుకు విసిరింది.

గీత దాటింది... పడింది... మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

బోర్డు మీద నంబర్లు వచ్చాయి. అక్క ఫస్ట్. కుందేలు థర్డ్!

జనం పిచ్చెత్తినట్టు అరుస్తున్నారు. అక్క మాత్రం నవ్వడం లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని చెల్లెలి వైపే చూస్తోంది.

"ఎందుకే దిగలేదు?"

"నీ కోసమే అక్కా!"

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

* * *

మెడలో బ్యాడ్జీ ఉన్న ఆవిడొకరు వచ్చి పక్కన నిలబడింది.

"మీకు టెస్ట్. శాంపిల్ ఇచ్చేదాకా మీరు నా కళ్ళ ముందే ఉండాలి. తుమ్మినా నా ఎదురుగానే."

ఎస్కార్ట్. ఆ మాట కోసమే ఆమె ప్రాణం పెట్టి పరుగెత్తింది. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

అక్క వెంట ఇంకో ఎస్కార్ట్. వాళ్ళు ముందు వెళ్ళిపోయారు.

స్టేడియం కింద సొరంగంలాంటి దారి. సిమెంటు నేల మీద స్పైకులు టక టక జారుతున్నాయి.

మలుపులో బావ!

నవ్వుతున్నాడు. పళ్ళు మాత్రమే నవ్వుతున్నాయి.

"శభాష్ మరదలా! అదరగొట్టావ్!"

ముంజేయి పట్టుకున్నాడు. ఎస్కార్ట్‌కి కనపడకుండా మెలితిప్పుతున్నాడు. రోజూ పొద్దున్నే ప్లాస్టిక్ సీసా అందించే చెయ్యి అది. లేవగానే మొదటి యూరిన్ అందులో పట్టివ్వాలి. రంగు చూసి, ఒంట్లో నీళ్ళు చాలుతున్నాయో లేదో చెప్తాడు. అక్క సీసా ఎప్పుడూ అడగడు. తన మీద ఎంత శ్రద్ధో అనుకునేది పిచ్చిది!

"వదలండి బావా."

"ఒక్క నిమిషం, మా ఇంటి విషయం..." అన్నాడు ఎస్కార్ట్‌తో.

"నా ముందే మాట్లాడుకోండి సార్."

"అలాగే మేడమ్, తప్పకుండా."

అని... మరదల్ని ఒక్క తోపు తోశాడు!

పక్కనున్న గదిలోకి పడింది. ఇనుప తలుపు ధడాల్న మూసుకుంది. గడియ పడింది. అవతల ఎస్కార్ట్ తలుపు బాదుతోంది.

సామాన్ల గది. హర్డిల్స్ గుట్టలు, ఇసుక సంచులు, ఒకటే బల్బు.

"రెఫ్యూజల్ రాయించు," అన్నాడు బావ. గొంతులో తేనె ఎండిపోయింది. "టెస్ట్ ఇవ్వనని చెప్పు. నాలుగేళ్ళు బ్యాన్ పడుద్ది. చావవు."

"ఇస్తాను. ఇచ్చి తీరతాను!"

చెంప మీద ఒక్కటి పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఇంకెవరిచ్చినా పర్లేదే! నువ్వు మాత్రం ఇవ్వకూడదు! అర్థమవుతోందా?"

"హర్డిల్స్ అమ్మాయిని చంపింది మీరేగా?"

"అది డోస్ తట్టుకోలేకపోయింది." ఎండలో బట్టలు ఆరలేదన్నట్టు చెప్పాడు. "మీ అక్క తట్టుకుంటుంది. గట్టి ప్రాణం."

ఇన్నేళ్ళు మీరు, మీరు అని పిలిచిన నోరు ఒక్కసారిగా తెగించింది.

"నువ్వు మనిషివేనా?"

కాలు ఎత్తింది. స్పైకుల కాలు. బలమంతా పోగేసి అతని పాదం మీద దించింది!

మేకులు బూటులోంచి దిగబడ్డాయి. బావ కేక గదంతా తిరిగింది. గదికి వెనకవైపు ఉన్న ఇంకో తలుపు తోసుకుని ఆమె పరుగు... ఒక కాలి బూటు అక్కడే ఊడిపోయింది. పోతే పోయింది! వట్టికాలితోనే పరుగు.

ఎస్కార్ట్ చుట్టు తిరిగి ఎదురొచ్చింది. రొప్పుతోంది.

"నా కళ్ళ ముందు నుంచి తప్పించాడు... ఇది రిపోర్ట్ చేస్తాను!"

"చెయ్యండి మేడమ్! ముందు నన్ను అక్కడికి తీసుకెళ్ళండి!"

* * *

తెల్లటి గది. తెల్లటి లైట్లు. కళ్ళజోడు డాక్టరు. బల్ల మీద సీలు వేసిన రెండు గాజుసీసాలు.

అక్కవి. అప్పుడే ఇచ్చేసింది.

కుర్చీలో కూర్చుని ఉన్న అక్క చెల్లెల్ని చూసింది. రక్తం కారుతున్న మోకాళ్ళు, వాచిన చెంప, వట్టికాలు. అన్నీ చూసింది. లేచి దగ్గరికొచ్చింది.

"ఎంత వణుకుతున్నావే..."

తన ట్రాక్‌సూట్ జాకెట్ విప్పి భుజాల చుట్టూ కప్పింది. జిప్పు కూడా తనే పైకి లాగింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు లాగినట్టు.

చెల్లెలి గుండె కరిగిపోయింది. ఈ పిచ్చితల్లికి ఏమీ తెలీదు. ఒంట్లో విషం నింపుకుని తిరుగుతోంది!

నీళ్ళు తాగింది. ఇంకా తాగింది. ఎస్కార్ట్ కళ్ళెదుటే శాంపిల్ ఇచ్చింది. తన చేతులతో తనే సీసాల మూతలు బిగించింది. కట్ కట్ కట్... ఇక మూత ఊడదు.

గట్టిగా ఊపిరి తీసుకుంది.

"ఇందులో మందుంటుంది డాక్టర్‌గారూ. మా బావ ఎక్కించాడు. మా అక్కకీ ఎక్కించాడు, పాపం దానికి తెలీదు. దాని గుండె చూడండి. ముందు దాని గుండె చూడండి!"

డాక్టరు ఒక్క క్షణం ఇద్దర్నీ చూశాడు. "కూర్చోండి," అని ఫోన్ తీసుకుని మూలకి వెళ్ళాడు.

అక్క పక్కన కూర్చుంది. చెవి దగ్గర గుసగుస...

"ఎంత పని చేశావే దరిద్రమా."

"అక్కా?"

"నీకు ఎక్కించింది ఉప్పునీళ్ళు. నీ ఒంట్లో చుక్క మందు లేదు."

"మరి..."

"నా ఒంట్లో ఉంది. అందుకే నా సీసాలో పోసింది నాది కాదు."



రోజూ పొద్దున్నే సీసా... రంగు చూసే బావ... ఎప్పుడూ అడగని అక్క సీసా...

"నాదా? నాదేనా అక్కా?"

"ఇన్నేళ్ళూ నీదే. పాడి ఆవుని చూసుకున్నట్టు చూసుకున్నాం కదే నిన్ను! జలుబు చేస్తే మాత్ర కూడా వేసుకోనివ్వలేదు." అక్క గొంతులో జాలి లేదు, చిరాకు ఉంది. "కుందేలుకి టెస్ట్ ఉండదు. కాబట్టి గొడవే లేదు. ఇప్పుడు రెండు జతల సీసాలూ ఒకే ల్యాబ్‌కి పోతాయి. రెండింట్లో ఒకే మనిషిది! నువ్వంతే, చిన్నప్పట్నుంచీ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో అందరూ దొంగలే... తను తప్ప!

చెప్పేయొచ్చు. డాక్టరు మూలలోనే ఉన్నాడు.

నోరు తెరిచింది.

మూసుకుంది.

అమ్మ పోయాక జడ వేసింది అక్క. మొదటి పందెంలో పడితే వీపు మీద మోసుకొచ్చింది అక్క. వద్దు. తను చెప్పదు. ల్యాబు చెప్తే చెప్పుకోనీ, తన నోటితో మాత్రం చెప్పదు.

అక్క చెయ్యి పట్టుకుంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

బావ! కుంటుతున్నాడు. బూటు నెత్తుటితో తడిసింది.

"డాక్టర్‌గారూ! నా మరదల్ని సోదా చేయండి. మందు వాడింది అదే. దొరక్కుండా ఉండాలని నా భార్య యూరిన్ దొంగిలించి తెచ్చింది. తనదని చెప్పి ఇచ్చింది. రెండు సీసాల్లోనూ ఒకటే ఉంటుంది, చూడండి!"

ఆమె తెల్లబోయి అక్క వైపు తిరిగింది. చెప్పు అక్కా... కాదని చెప్పు!

అక్క మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"జాకెట్ జేబు చూడండి డాక్టర్‌గారూ."

ఆమె చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్ళింది. మెత్తగా తగిలింది ఏదో. బయటికి తీసింది.

ఖాళీ ప్లాస్టిక్ సంచీ. సన్నటి గొట్టం. ఇంకా గోరువెచ్చగా ఉంది.

వణుకుతున్నావే, అని కప్పిన జాకెట్!

ఆమె సంచీని బల్ల మీద పెట్టింది. తలెత్తేసరికి కళ్ళు పొడిగా ఉన్నాయి.

"రక్తం తీయండి డాక్టర్‌గారూ."

"ఏంటి?"

"సీసాల్లో ఉన్నది ఎవరిదో రక్తం చెప్తుంది కదా. తీయండి. ఇద్దరిదీ."

డాక్టరు తల ఊపాడు. సూది ప్యాకెట్ చించాడు. "ముందు ఛాంపియన్‌గారు. చెయ్యి చాపండి."

అక్క చెయ్యి చాపలేదు. వెనక్కి దాచుకుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మెడ మీద నరం గిలగిల కొట్టుకుంటోంది.

"చాపండి మేడమ్."

పైన ట్రాక్ మీద తర్వాతి పందెం. జనం ఒక్కసారిగా గప్‌చుప్...

ఢాం!

స్టార్టర్ పిస్టల్!

అక్క లేచింది. కుర్చీ ఎగిరిపడింది. ఎస్కార్ట్‌ని తోసుకుని, బావని గుద్దుకుని, తలుపు దాటి పరుగు! పిస్టల్ పేలితే పరుగెత్తడం తప్ప ఆ మనిషికి ఇంకేం తెలుసు?

కారిడార్‌లో సగం దూరం...

కాలు తడబడింది. చెయ్యి గోడను వెతికింది. దొరకలేదు.

నిలువునా కూలింది!

"అక్కా!"

ఆమె ఒంటి బూటుతో కుంటుకుంటూ పరుగెత్తింది. డాక్టరు వెనకే పరుగెత్తాడు. ఎస్కార్ట్ పరుగెత్తింది.

బావ మాత్రం అటు రాలేదు. బల్ల దగ్గరికెళ్ళాడు. నాలుగు సీసాలూ చొక్కా ఒడిలో వేసుకుంటున్నాడు.

పైన జనం హోరు. ఎవరో గెలుస్తున్నారు.

ఆమె నేల మీద బోర్లాపడి అక్క ఛాతీకి చెవి ఆనించింది. పక్క మంచం దాకా వినిపించే చప్పుడది. తలుపు బాదుతున్నట్టుండే చప్పుడు.

ఇంకా గట్టిగా ఆనించింది.

ఏమీ వినిపించలేదు.