నంజమ్మ వేలిముద్ర

1949 ఆగస్టు. ఉదయం పదిన్నర. అవెన్యూ రోడ్డు జనంతో కిటకిటలాడుతోంది. కబ్బన్‌పేట నేతగాళ్ల సంఘం కార్యదర్శి ఆదినారాయణప్ప జట్కా దిగబోతూ ఒక్కసారి దగ్గి, బోర్లా పడి ప్రాణం విడిచాడు. మెడ మీద చిన్న సూది గాయం. చంకలో ఉండాల్సిన తోలుసంచీ లేదు.

పదకొండు గంటలకు చిక్‌పేటలో ఓ రంగుల దుకాణం వెనకగదిలో ఏజెంట్ 27 అంజినప్ప తన గూఢచారి దళం చీఫ్ ఎదుట నిలబడ్డాడు. తలుపు గడియ పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. గూఢచారులకు భయం ఉండదని చెప్పేవాళ్లు ఒక్కరోజైనా ఆ ఉద్యోగం చేసి ఉండరు.

"సంచీలో ఏముందో తెలుసా?" అన్నాడు చీఫ్.

"సంఘం అర్జీ, సార్. నూలు దాచేసి మగ్గాలు మూయిస్తున్న గ్రే సిండికేట్ మీద ఫిర్యాదు."

"మూడు గంటలకు కంటోన్మెంటు హాల్లో ప్రపంచ మండలి కూర్చుంటోంది. ఇన్నాళ్లూ అక్కడ ప్రభుత్వాలు మాట్లాడితే ప్రభుత్వాలు వినేవి. ప్రజాసంఘాలకు కూడా నోరివ్వాలా వద్దా అన్నది ఇవాళ తేలుతుంది. టెస్ట్ కేసు మన కబ్బన్‌పేట సంఘమే. అసలు అర్జీ ఈపాటికి బూడిదై ఉంటుంది."

"మరి మండలికి ఏం అందుతుంది, సార్?"

"దొంగ అర్జీ. నూలు రేషన్ రిజిస్టర్లోని వేలిముద్రలకు రబ్బరు స్టాంపులు చేయించి ముందే సిద్ధం చేసుకున్నారు. 'మమ్మల్ని మభ్యపెట్టి అబద్ధపు ఫిర్యాదు రాయించారు' అని అందులో ఉందట. అది రికార్డుకెక్కితే ఇక ఏ సంఘం మాటా ఎవడూ నమ్మడు. మండలి పిలిచిన ఇద్దరు సాక్షుల్లో అవునో కాదో చెప్పడానికి ఇక ఒక్కతే మిగిలింది." చీఫ్ తల దించుకున్నాడు. "మీ అమ్మ."

అంజినప్ప అప్పటికే తలుపు వైపు తిరిగాడు.

"హాల్లో మన మనిషి ఉంది. ఇంటర్‌ప్రెటర్ మిస్ స్టెల్లా. సిండికేట్‌లో చేరి మనకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్ మరిచిపోకు."

మూడు గంటలకు బట్లరు తలపాగా, బారెడు దొంగ మీసం తగిలించుకుని, ట్రేలో కప్పులు, సాసర్లు, పొగలు కక్కే కాఫీ కెటిలుతో అంజినప్ప హాల్లో అడుగుపెట్టాడు. ముందు వరసలో నేతచీర కట్టుకుని అతని అమ్మ నంజమ్మ కూర్చుని ఉంది. పక్కనే పచ్చ షిఫాన్ చీరలో మిస్ స్టెల్లా. ఆమె ఒళ్లో ముత్యాల పర్సు.

"చక్కెర ఎన్ని చెంచాలు, మేడమ్?" అన్నాడు గొంతు మార్చి.

"బెల్లం లేదా?"

కోడ్ సరిపోయింది. అంజినప్ప ప్రాణం కుదుటపడింది. ఆమె నవ్వు చెదరకుండానే గొంతు తగ్గించి ఇంగ్లీషులో అంది. "మాట అదే. మనిషే మారింది, ట్వంటీ సెవెన్. ఇప్పుడు నేను నిజంగానే సిండికేట్ వైపు. పర్సులో పిస్టల్ ఉంది. దాని గొట్టం ముసలమ్మ గుండె వైపు ఉంది. నోరు విప్పావో, రేపు ఫొటోకి దండ వేసుకుందువుగాని."

అతను ట్రే దించకుండా అమ్మ కుర్చీ పక్కనే నిలబడిపోయాడు.

బట్టతల చైర్మన్ అర్జీ కాగితం నంజమ్మ ముందుకు జరిపాడు. "ఈ వేలిముద్ర మీదేనా?" అని స్టెల్లా తెలుగులో అడిగింది.

నంజమ్మ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "వేలు నాదే మాదిరి ఉండాది."

"తనదే అంటోంది," అంది స్టెల్లా ఇంగ్లీషులో. చైర్మన్ రాసుకున్నాడు.

"ఉండమ్మా, నేనింకా ముగించలే. కాగితం మాది కాదు. ఒకరి కింద ఒకరు, అందరికన్నా పైన పాపం ఆదినారాయణప్పది. మా సంఘంలో ఇట్ల వెయ్యము. పందొమ్మిదినూర్ల నలభై ఒకటో ఇసివి సమ్మెలో మొదటి ముద్ర గురప్పదని చూసి ఆయప్పని జైల్లో పెట్టిరి. ఆ పొద్దునుంచి ముందెవరో వెనకెవరో తెలియకుండా చుట్టూ వేస్తాము."

"పెద్దాయన ముందు వేశాడట, మిగతావాళ్లు ఆ తర్వాత వేశారట," అంది స్టెల్లా.

అంజినప్పకు రెండు భాషలూ వచ్చు. ఒక్క వాక్యం చెబితే చాలు. కానీ చూపు ముత్యాల పర్సు మీదే ఉండిపోయింది. అమ్మని చంపేస్తారన్న ఒక్క భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

చైర్మన్ ముద్ర వేయడానికి సీలు ఎత్తాడు.

"ఏమమ్మా, నేను అంత పొడుగు చెప్తే నీకు ఇంత పొట్టిగా ఎట్లాయె?" అని నంజమ్మ లేచింది. "ఈయప్ప చూస్తే సుమ్నే, ఏమీ అడగకుండా రాసుకుంటాండాడు!" అంజినప్ప ట్రేలోంచి ఓ సాసరు లాక్కుని తెల్లకాగితం మీద బోర్లించింది. చైర్మన్ ఇంకుప్యాడ్‌లో బొటనవేలు అద్ది, సాసరు అంచు చుట్టూ వరసగా ముద్రలు వేసింది. సాసరు తీసేసరికి మొదలూ చివరా లేని ముద్రల చుట్టు మిగిలింది.

చైర్మన్ చెయ్యి గాలిలోనే ఆగింది. గబగబా ఫైలు తిరగేశాడు. పోయినేడు ఇదే సంఘం పంపిన ఉత్తరం బయటికి తీశాడు. దాని అడుగున అచ్చం అలాంటి చుట్టే ఉంది.

"ఫోర్జరీ!" అని అరిచాడు.

పర్సు కొక్కెం టిక్కుమంది. అంజినప్ప భయం ఏమీ తగ్గలేదు. భయంతోనే చెయ్యి కదిలింది. కెటిలెడు మరిగే కాఫీ స్టెల్లా ముంజేతి మీద పడింది. పిస్టల్ పేలి, నంజమ్మకు తగలాల్సిన గుండు పైకప్పుకు తగిలింది. సున్నం రాలిపడింది. కాపలావాళ్లు స్టెల్లాను పట్టుకున్నారు.

నాలుగు గంటలకు తీర్మానం నెగ్గింది. సంఘాలకు ఓటు ఉండదు, కానీ మండలిలో మాట ఉంటుంది. ఆదినారాయణప్ప పేరు చదివినప్పుడు హాలంతా లేచి నిలబడింది.

ఆ పెనుగులాటలో అంజినప్ప మీసం ఊడిపోయింది. నంజమ్మ అతన్ని ఎగాదిగా చూసి, రెండు చేతులతో మొహం పట్టుకుంది.

"మద్రాసులో ఆఫీసరు పని అని రాస్తివి కదప్పా! ఈడ కప్పులు మోస్తాండావా?"

అతను ఊడిన మీసాన్ని జేబులో కుక్కుకున్నాడు.

"దొరసాని మీద కాఫీ పోస్తివి. ఇంక ఈ పని కూడా పోయినట్లే. కండ్లనీళ్లు పెట్టుకోకు నాయనా, రేపే సంఘంలో చెప్పి నిన్ను మగ్గంలో కూర్చోబెడతా."

అమ్మ అన్నంత పనీ చేస్తుంది. ఆ రోజు మొత్తంలో ఏజెంట్ 27 అసలు హడలిపోయింది అప్పుడే.