మూత బాయి దగ్గర మూడు దెబ్బలు

మూత బాయి దగ్గర పొద్దుగూకిన తర్వాత ఎవరూ బండి ఆపరు.

గోదావరిఖని బజారు నుంచి సెంటినరీ కాలనీకి పోయే అడ్డదారిలో, రోడ్డు దిగుతూ ఎడమకు తిరిగేచోట ఉంటుందది. బొగ్గు అయిపోయిందని ఎప్పుడో మూసేసిన బాయి. పైన తుప్పు పట్టిన ఇనుప చట్రం, కింద సిమెంటు మూత, పక్కన బాయి దీపాలు ఉంచే ఒక పాత ల్యాంపు రూము. అంతే. కానీ దాని పేరు మంచిది కాదు. మూసేనాడు కొందరు లోపలే ఉండిపోయారనీ, చీకటి పడ్డాక పైకి రావడానికి సిగ్నల్ కొడతారనీ అంటారు.

ఎంతమంది అని అడిగితే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. నేను వర్క్‌షాపు స్టోర్స్‌లో గుమస్తాను, లెక్క తేలకపోతే నిద్రపట్టదు. ఐదుగురిని అడిగాను. ముగ్గురని ఒకరు, ఆరుగురని ఒకరు, ఏడుగురని ఇద్దరు, పదకొండు మంది అని ఒకరు. సగటు ఆరు పాయింటు ఎనిమిది. పాత మస్టరు పుస్తకం కూడా తిరగేశాను. బాయిలోకి దిగే ప్రతి మనిషి చేతికీ నంబరు వేసిన బిళ్ళ ఒకటి ఇస్తారు, పైకొచ్చాక తిరిగి తీసుకుంటారు. ఆఖరి రోజు నూట పద్దెనిమిది బిళ్ళలు దిగాయి. నూట పద్దెనిమిదీ పైకి వచ్చాయి.

అయినా చీకటి పడితే నేను అటు పోను.

అక్కడ అస్గర్‌కు ఏం జరిగిందో చెప్తాను. తొంభై ఒకటో సంవత్సరం, డిసెంబరు నెల. నేను కళ్ళతో చూసింది కాదు, అతను చెప్పింది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ ఒకే తీరుగా చెప్పాడు. అందుకే నమ్మాను.

అస్గర్ మా వర్క్‌షాపులో ఫిట్టర్. అతనికొక ఇటలీ మోటార్ సైకిల్ ఉండేది. ఎన్నడో మిషన్లు బిగించడానికొచ్చిన ఇటలీ ఇంజనీరు ఒకతను వదిలిపెట్టి పోయిన బండి. నాలుగు చేతులు మారి అస్గర్ దగ్గరికొచ్చేసరికి ట్యాంకు మీద పేరు అరిగిపోయి, ఎర్ర రంగు మిగిలింది. కిక్కు ఎడమ పక్క, గేరు కుడి పక్క. కొత్తవాడు ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కి, ఆపాల్సినచోట ఉరికేవాడు. హెడ్‌లైటు ఆరు వోల్టులది — అగరుబత్తి వెలిగించి ముందర పట్టుకున్నట్టుండేది.

స్పేర్ పార్టు హైదరాబాదులో దొరకదు, బొంబాయిలో దొరకదు. అందుకని డ్యూటీ దిగగానే అస్గర్ బజార్లో గులాం అలీ లేతు షాపుకు పోయేవాడు. ఒకనాడు బుష్షు, ఒకనాడు పిన్ను. క్లచ్ ప్లేట్లు కోయించాడు, వైరింగు మార్చాడు, సీటు కుట్టించాడు. ఒక ఆదివారం నేను కూర్చుని లెక్క తీస్తే, ఆ బండిలో నూటికి ముప్పై ఒక్క పాళ్ళే ఇటలీ. మిగతా అరవై తొమ్మిదీ గోదావరిఖని.

ఆ డిసెంబరు మొదట్లో దానికి పెద్ద కార్బురేటర్ ఎక్కించాడు. ఎక్కుడులో గుంజుడు పెరిగింది. అస్గర్ నేల మీద నడవడం మానేశాడు. ఒక్కటే తక్కువ — యాక్సిలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్లో టప్పుమని తుమ్మేది.

"కొత్త గాలి పడతలేదన్నా," అన్నాడు నాతో. "అలవాటైతది."

మొదటిసారి ఒక సోమవారం. టైము ఏడున్నర. మా దగ్గర దెయ్యాలకు అర్ధరాత్రి దాకా ఆగే ఓపిక లేదు. చలికాలం, ఆరింటికే చీకటి. అస్గర్ లేతు షాపు నుంచి ఇంటికి పోతున్నాడు. దిగుడులో యాక్సిలేటర్ వదిలి, మలుపు తిరిగాడు.

వెనక నుంచి —

టంగ్... టంగ్... టంగ్.

ఇనుము మీద ఇనుము. తొందర లేకుండా, ఒకదాని వెనక ఒకటి.

బాయి మనుషులకు ఆ చప్పుడు కొత్త కాదు. మూడు దెబ్బలంటే ఒకటే అర్థం... మనుషులు ఎక్కుతున్నారు. కింది మనిషి మూడు కొడతాడు. పై మనిషి తిరిగి మూడు కొడతాడు. అప్పుడే కేజులో, అంటే మనుషుల్ని దించి ఎక్కించే ఇనుప బోనులో, కాలు పెట్టాలి.

అస్గర్ వెనక్కి చూడలేదు. మిగతా మూడు కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో పోయాడో అడిగితే రెండున్నర అన్నాడు. అంటే గంటకు డెబ్భై రెండు. ఆ రోడ్డు మీద, ఆ హెడ్‌లైటుతో. దెయ్యం కంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

మంగళవారం మళ్ళీ. బుధవారం మళ్ళీ. బుధవారం ఇంటికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. వాళ్ళమ్మ హబీబున్నీసా నుదుటి మీద చెయ్యి పెట్టి, నోరు విప్పేదాకా వదల్లేదు.

"జ్వరం నీకు కాదు, గా బండికి," అన్నదామె. "శైతాన్ ఎక్కింది దాని మీద. కొన్న కాడికెళ్ళి నువ్వు ఇంట్ల తిన్నది ఎప్పుడు, పన్నది ఎప్పుడు?"

"బండి ఏం చేసింది అమ్మీ? అది బాయికాడి ముచ్చట."

"బాయి కదల్తదా? బండే పోతున్నది బాయికాడికి."

పొద్దున్నే ఆమె పాత సామాను కొనే రహమతుల్లాను పిలిచి మాట ఇచ్చేసింది — శుక్రవారం జుమ్మా నమాజు కాగానే వచ్చి తీసుకుపొమ్మని. హబీబున్నీసా మాట ఇచ్చిందంటే కాలనీలో అందరికీ తెలుసు, అది రాసి సంతకం పెట్టినదాని కంటే గట్టిది.

గురువారం అస్గర్ నా కౌంటరు ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. రెండేళ్ళు రోజూ చేత్తో చేసుకున్న బండి. పిలగాన్ని పాత సామాన్ల కబాడీకి ఇచ్చినట్టుంది అన్నాడు. ఇంకో ఇరవై నాలుగు గంటల్లో ఆ చప్పుడు దెయ్యం కాదని వాళ్ళమ్మకు చూపించాలి. లేకపోతే బండి తక్కెడ ఎక్కుతుంది.

"చూపెట్టాలంటే ఆమెను తీస్కపోవాలె," అన్నాను.

"నాకే కాళ్ళు వణుకుతున్నయన్నా."

"ఆమెకు వణకవు."

నా మాట నిజమే అయింది. సాయంత్రం అస్గర్ విషయం ఎత్తగానే ఆమె బురఖా వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, సీటు మీద ఒక పక్కకు కూర్చుంది. "నడువు. గా శైతాన్ ఏందో నాతోని మాట్లాడమను."

బజారు దాకా పోయి వెనక్కి తిరిగారు. ఏడుంబావు. రోడ్డు మీద పురుగు లేదు. ఆమె వెనక కూర్చుని సన్నగా దువా చదువుతోంది.

దిగుడు వచ్చింది. యాక్సిలేటర్ వదిలాడు.

టప్... టప్... టప్.

మలుపు తిరిగారు.

టంగ్... టంగ్... టంగ్.

అస్గర్ గేరు మీద కాలు పెట్టాడు. వీపు మీద ఒక్కటి పడింది.

"ఆపు."

"ఆపితె మళ్ళ స్టార్ట్ కాదమ్మీ. వేడెక్కింది."

"ఆపమంటున్న. నువ్వు మూడు తుమ్మినవ్. అది మూడు కొట్టింది. ఇంత దినం ఇనపడలేదా నీకు?"

బండి ఆగింది. ఇంజను చచ్చిపోయింది. అగరుబత్తి లాంటి ఆ దీపం కూడా ఆరిపోయింది... చీకటి. చలి. ఇనుప చట్రం గాలికి కిర్రుమంటోంది.

హబీబున్నీసా బండి దిగింది. టార్చి వేయకుండానే ల్యాంపు రూము వైపు నడిచింది. అస్గర్ ఆమె బురఖా అంచు పట్టుకుని వెనక నడిచాడు. ఈ సంగతి అతను నాకు మూడోసారి చెప్పినప్పుడు గాని ఒప్పుకోలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... గరగరమని.

ఆమె తలుపు తోసింది. టార్చి వేసింది.

గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన. ముందర దూలానికి వేలాడగట్టిన రైలు పట్టా ముక్క ఇంకా ఊగుతోంది. ఒక చేతిలో సుత్తి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మెల్లగా ఒక కన్ను తెరిచాడు — వెలుతురు వెనక నిలువెత్తు నల్లటి ఆకారం.

"ఎక్కి వచ్చినవా తల్లీ..." అన్నాడు. "ఒక్కదానివేనా? నీ... నీ బిళ్ళ చూపెట్టు."

"ఏం బిళ్ళ?"

"బిళ్ళ లేంది బైటికి ఇడువ. రూలు."

అస్గర్ కళ్ళు తిరిగి గడప మీద కూలబడ్డాడు. హబీబున్నీసా టార్చి తన మొహం వైపు తిప్పుకుంది.

"గట్టయ్యన్నా, నేను. హబీబున్నీసాను. మా ఆయనతోని పని చేసినోడివి, గుర్తు పట్టలేదా?"

ఆమె చెవి దగ్గరికి పోయి గట్టిగా చెప్తే గాని గట్టయ్య గుర్తు పట్టలేదు. ఆయన ముప్పై ఏళ్ళు బాయి పైన, మొగదల నిలబడి కేజు సిగ్నల్ చూసిన మనిషి. పేలుళ్ళకూ మిషన్లకూ చెవులు పోయాయి, పెద్ద చప్పుడు తప్ప వినపడదు. రిటైరు కావడానికి ఏడాది ఉందని దసరా అప్పుడు ఇక్కడ వాచ్‌మన్‌గా వేశారు.

"సోమారం కాడికెళ్ళి రోజు ఇదే టైముకు కొడుతున్నరు చెల్లె," అన్నాడు. "మూడు. గట్టిగ. ఎవలో ఎక్కుతమంటున్నరు. సిగ్నల్ వస్తె జవాబు ఇయ్యకుంట ఎట్లుంట? అటెన్క కూసొని సూస్తున్న... ఎవరు ఎక్కుతలేరు. నాలుగు దినాలాయె, కంటి మీద కునుకు లేదు."

"మరి బైటికొచ్చి సూడకపోతివి?"

"భయం కాదా?"

"భయమైతె జవాబెందుకు కొట్టినవ్?"

గట్టయ్య ఆమెను వింతగా చూశాడు. "భయమైతె డ్యూటీ చెయ్యొద్దా?"

అప్పటికి అస్గర్‌కు తెలివి వచ్చింది. లేచి, మిణుకుమనే ప్రాణాలన్నీ కూడగట్టుకుని, ఇద్దరికీ కలిపి అరిచి అరిచి చెప్పాడు. యాక్సిలేటర్ వదిలితే కాలని పెట్రోలు సైలెన్సర్లోకి పోతుంది, అక్కడ జాయింటు లూజు, బయటి గాలి తగిలి పేలుతుంది. ఆ మలుపులో అతను ఆరు సెకన్లు యాక్సిలేటర్ వదులుతాడని తర్వాత నేను గడియారం పెట్టి చూశాను. రెండు సెకన్లకు ఒకటి. మూడు. పొద్దున అదే రోడ్డు ఎక్కుడు, వదలడమే ఉండదు, అందుకే పొద్దున దెయ్యం ఉండదు.

హబీబున్నీసా అంతా విన్నది.

"అంటె సప్పుడు చేసేది గీ గొట్టమేనా?"

"గొట్టమే అమ్మీ."

"ఇంజనుది తప్పు లేదు?"

"అల్లా కసం, లేదు."

"చక్రాలది?"

"చక్రాలేం చేస్తయి అమ్మీ?"

"సరే," అన్నదామె. "బండి ఉంటది."

గట్టయ్యా అస్గరూ నెట్టి స్టార్టు చేశారు. పోతూ పోతూ అస్గర్ ఆయన చెవిలో అరిచాడు. "కాకా, ఇగ మూడు ఇనపడితె నేనే. జవాబియ్యకు. పండుకో."

ఆ రాత్రి వాళ్ళింట్లో అందరూ నిద్రపోయారు.

మర్నాడు జుమ్మా. నమాజు నుంచి అస్గర్ తొందర లేకుండా నడిచొచ్చాడు. గుమ్మంలో బండి నిలబడి ఉంది. ఎర్రగా, తుడిచి మెరుస్తూ. రహమతుల్లా తన సైకిలుకు ఏదో కట్టుకుని అప్పుడే సందు మలుపు తిరుగుతున్నాడు.

అస్గర్ బండి చుట్టూ తిరిగాడు. కుడి పక్క వంగి చూశాడు. ఇంకా వంగాడు.

"అమ్మీ... సైలెన్సర్ ఏది?"

"రహమతుల్లాకు ఇచ్చిన."

"ఇచ్చినవా?"

"మాట ఇచ్చిన కద, జుమ్మా తర్వాత తీస్కపొమ్మని. ఉత్త చేతులతోని ఎట్ల పంపాలె? శైతాన్ గా గొట్టంలనే ఉన్నదని నువ్వే కసం తిన్నవ్. గదొక్కటే ఇప్పిచ్చిన. రెండు బోల్టులే, జల్ది ఊడింది." బియ్యం చెరుగుతూ ఆమె తల కూడా ఎత్తలేదు. "నీ ఇంజను ఉన్నది, నీ చక్రాలు ఉన్నయి. ఏడ్వకు."

సందు చివరిదాకా ఉరికాడు గానీ రహమతుల్లా అప్పటికే మందమర్రి లారీకి సామాను ఎత్తేశాడు. నూటికి ముప్పై ఒక్క పాళ్ళు ఉన్న ఇటలీ ఆ పూట ఇరవై ఏడుకు దిగింది.

ఇక గులాం అలీ దగ్గర కొత్త గొట్టం చేయించుకోవడం ఒక్కటే దారి. అస్గర్ అట్లాగే, ఉత్త ఇంజనుతో, చీకటి పడ్డాక బయల్దేరాడు. పగలు పోతే కాలనీ పిల్లలంతా వెంట పడతారని. గులాం అలీ కొలతలు తీసుకుని సోమవారం రమ్మన్నాడు. ఏడున్నరకు వెనక్కి తిరిగాడు.

దిగుడు. యాక్సిలేటర్ వదిలాడు.

అడ్డుపెట్టే గొట్టం లేదు. పేలుళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నిప్పులు వెనక్కి చిమ్మాయి. మలుపు తిరిగినా ఆగలేదు, తిరిగాక కూడా ఆగలేదు. ల్యాంపు రూము దగ్గరికొచ్చేసరికి బండి దానంతటదే దగ్గి, తన్నుకుని, ఆగిపోయింది.

రోడ్డు మధ్యన ఎవరో నిలబడి ఉన్నారు.

గట్టయ్య. భుజాన గొంగడి లేదు. ఆ చలిలో ఒళ్ళంతా చెమట. కుడి చెయ్యి భుజం దగ్గర్నుంచి వేలాడుతోంది, వేళ్ళు సుత్తిని వదలడం లేదు.

"కాకా, నేనే," అన్నాడు అస్గర్. "బండి..."

గట్టయ్యకు వినపడలేదు. అస్గర్ చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"మూడైతె నువ్వే అని ఊకుందును బిడ్డా," అన్నాడు గుసగుసగా. "ఇయ్యాల ఇరవై ఏడు లెక్కపెట్టిన. అన్నిటికీ జవాబిచ్చిన. మూడుకొక కేజు లెక్కన తొమ్మిది కేజులు..." సిమెంటు మూత వైపు చూశాడు. "ఇంక ఎంతమంది ఉన్నరు కింద?"