సుప్రియ ఎడమచెయ్యి

“గీ చీర అంచు చూడండి మేడమ్. మా పిల్లకు మీరు కత్తెర నేర్పిన పుణ్యం.”

దిల్‌సుఖ్‌నగర్ సందులోని ప్లేస్కూల్ గుమ్మంలో నిలబడి మధుకర్ చీర విప్పి చూపించాడు. వాళ్లది పోచంపల్లి చీరల కొట్టు. అతని అన్నకూతురు, నాలుగేళ్ల సుప్రియ, అక్కడి టీచర్ సంతోషి క్లాసు పిల్ల.

సంతోషి అంచును వెలుతురుకు పట్టి చూసింది. “ఇది కోసినట్టు లేదు, నమిలినట్టుంది. పిల్లది ఎడమచేతి వాటం. కుడిచేతి కత్తెరతోని ఆ చేతికి సరిగ తెగదు. ఇంట్ల తెల్వదా?”

“తెలుసు. మా అమ్మ కుడిచేతికి మారుస్తున్నది.”

“ఎందుకు?”

మధుకర్ వచ్చినప్పటి కోపం దిగిపోయింది. “నన్ను గూడ మార్చింది,” అని చీర మడిచాడు. నవ్వబోయాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

ఆ వారమే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. ఆర్టీసీ డ్రైవరైన సంతోషి తండ్రి భిక్షపతి ఎల్బీ నగర్ సమ్మె టెంటులో కూర్చుంటే, సంతోషి అక్కడి నుంచి నడుచుకుంటూ మధుకర్ వాళ్లింటికి వచ్చింది.

“బడి బందైతే చేతులు గూడ బందైతయా? రోజూ ఒక గంట ఆడిస్త,” అంది మధుకర్ తల్లి లలితమ్మతో.

“ఆడియ్యి బిడ్డా. కుడిచేత్తోనే.”

“ఎడమచేత్తోనే అమ్మా. బతుకమ్మ దాంక టైమియ్యండి. అప్పటికి కత్తెర పట్టుడు రాకపోతే మీ ఇష్టం.”

లలితమ్మ ఆమెను ఎగాదిగా చూసి, “సరే, చూద్దాం,” అంది.

మొదట చపాతీ పిండితో పాములు చేశారు. కత్తెర ఆకలేసిన మొసలి. “నోరు తెరువు, ముయ్యి. బొటనవేలు ఎప్పుడు పైనుండాలె,” అనేది సంతోషి. పాములన్నీ ముక్కలయ్యాక స్ట్రాలు వచ్చాయి. తెగిన ముక్క ఎగిరి సోఫా కిందికి పోతే సుప్రియ పాకివెళ్లి తెచ్చి దండ గుచ్చేది.

పెళ్లికార్డుల అంచులకు కుచ్చులు కోసేటప్పుడే చిక్కొచ్చింది. కుడిచేతి కత్తెరకు కాగితం తెగకుండా మడతపడింది. సుప్రియ కత్తెర విసిరికొట్టి ఏడ్చింది. మధుకర్ వెంటనే బండి తీశాడు. సాయంత్రానికి మొద్దు కొనల చిన్న కత్తెర తెచ్చి సంతోషి చేతిలో పెట్టాడు.

“ఎడమచేతిది. బేగంబజార్ల ఏడో దుకాణంల దొరికింది.”

“ఆరు దుకాణాల్ల లేదన్నంక గూడ ఆగలేదా?”

“మీరు రోజూ గింత దూరం నడుస్తున్నరు. నాకు సిగ్గయింది.”

సంతోషి కత్తెరనే చూస్తూ నిలబడింది. అతని వైపు చూస్తే నవ్వు దాగదని తెలుసు.

సద్దుల బతుకమ్మ రోజు బతుకమ్మ పేర్చడానికి ఇంటి ముందు గునుగు, తంగేడు పూలు కుప్పలు పోశారు. సుప్రియ కత్తెరతో కూర్చుంది.

“అమ్మవారి పూలు ఎడమచేత్తోనా? వద్దు,” అంది లలితమ్మ.

పిల్ల చెయ్యి ఆగిపోయింది. సంతోషి నోరు తెరిచేలోపే మధుకర్ వచ్చి సుప్రియ పక్కన కూర్చుని, ఎడమచేత్తో గునుగు కట్ట అందుకున్నాడు.

“అమ్మా, చిన్నప్పుడు నా చేతికి గుడ్డ కట్టినవు, యాదున్నదా? మూడేండ్లు పలకంటే వణికిన. దీనికి గా భయం వద్దు.”

లలితమ్మ కొడుకు ఎడమచేతి వంక చూసింది. తర్వాత పూలకట్ట ఒకటి మనవరాలి ముందుకు జరిపింది.

“కాడలన్నీ ఒక్క తీరుగ కొయ్యాలె. ఎచ్చుతగ్గులైతే బతుకమ్మ వంగుతది.”

సుప్రియ నాలుక పళ్లమధ్య పెట్టుకుని కోసింది. కాడలన్నీ సమానంగా తెగాయి.

సంతోషి బయల్దేరేసరికి వాన మొదలైంది. మధుకర్ గొడుగు పట్టి వెంట నడిచాడు. గొడుగు ఆమె వైపే ఉంది, అతని చొక్కా సగం తడిసింది.

“పిల్లకు వచ్చేసింది. రేపట్నుంచి మీరు రారు గదా?”

“ఎందుకొస్త?”

“నాక్కూడ ఒకటి నేర్పాలె. మీ నాయనతోని ఎట్ల మాట్లాడాలో.”

సంతోషి గొడుగును అతని వైపు జరిపింది. “టెంటుల ఉన్నడు. సమ్మె గదా, యాడికీ పోడు. నేను గూడ పక్కనే ఉంట.”

టెంటులో భిక్షపతి ఇద్దరినీ చూసి జంపఖానా మీద చోటిచ్చాడు. మధుకర్ తడబడుతూ చెప్పిందంతా విని కూతురి మొహం చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“మీ అమ్మను తీసుకరా, మాట్లాడుదాం,” అన్నాడు. “పెండ్లి మాత్రం బస్సులు నడిచినంకనే. పెండ్లికి పోయే మొదటి బస్సు నేనే తోల్త.”